ఆమెకు బ్రిడ్జి నేర్పింది నేను కాదు

మా ఆఫీసు గోడ మీద ఒక ఫొటో ఉంది. అందులో నేనూ, మా సెక్షన్‌లో పనిచేసే ఒకావిడా శాలువాలు కప్పుకుని నిల్చున్నాం. ఫొటో కింద ఒక వాక్యం అచ్చువేసి ఉంది. దాని ప్రకారం ఆమెకు పని నేర్పి, ఆ స్థాయికి తెచ్చిన గురువును నేను. కొత్తగా చేరినవాళ్లు అది చదివి నాకు నమస్కారం పెడుతుంటారు. ఆ వాక్యం అబద్ధం. అది అబద్ధమని తెలిసీ శాలువా కప్పించుకున్నాను కాబట్టి, జరిగింది జరిగినట్టు రాయాల్సింది కూడా నేనే.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. శంషాబాద్‌లో విమానం వచ్చి ఆగాక, టెర్మినల్ నుంచి ఒక పొడవాటి నడవా చాచుకుంటూ వెళ్లి దాని తలుపుకు ఆనుతుంది. ప్రయాణికులు అందులోంచి నడిచి లోపలికి వస్తారు. దాన్ని మేం బ్రిడ్జి అంటాం. బ్రిడ్జి చివర చిన్న గది ఉంటుంది. ఆ గదిలో నిల్చుని, చేతిలో ఇమిడే ఒక కర్రతో దాన్ని నడపాలి. కాస్త ఎక్కువ పోతే విమానానికి దెబ్బ, తక్కువ పోతే మధ్యలో సందు. పదహారేళ్లుగా నేను చేస్తున్నది ఈ పనే. అంతకు ముందు కృష్ణా జిల్లాలో ఏం చేశానో ఇక్కడ అనవసరం.

కాటేదాన్ నుంచి మా స్టాఫ్ బస్సు పొద్దున్నే బయల్దేరుతుంది. జల్‌పల్లి, పహాడీషరీఫ్, తుక్కుగూడ మీదుగా ఎయిర్‌పోర్టుకు పోతుంది. నేను మొదటి స్టాపులో ఎక్కుతాను కాబట్టి డ్రైవర్ వెనక సీటు నాది. ఆమె తుక్కుగూడలో ఎక్కేది. వాళ్లది మంఖాల్ దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. అప్పటికి ఆమె ప్రయాణికులు ఎక్కడపడితే అక్కడ వదిలేసిన సామాన్ల ట్రాలీలను వరుసగా చేర్చి తోసుకొచ్చే పనిలో ఉండేది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ఎక్కగానే నా వెనక సీట్లో కూర్చుని ఫోన్ అడ్డంగా తిప్పి లారీ నడిపే ఆట మొదలుపెట్టేది.

ఆ బస్సులో మాట్లాడుకోని విషయం లేదు. రాజకీయాలు మాత్రం డ్రైవర్ మాట్లాడనిచ్చేవాడు కాదు, దించేస్తానని బెదిరించేవాడు. మిగిలినవి సినిమాలు, ఫోన్లు, ఆటలు, కొత్త కొత్త యంత్రాలు. ఒక పొద్దున డ్రైవర్ అద్దంలోంచి వెనక్కి చూస్తూ అందుకున్నాడు.

"అక్కా, ముసలి హీరోలను కంప్యూటర్ల ఏసి పడుచోళ్లను జేస్తున్రంట. నా మొకం గూడ జేస్తదా అది?"

"నీ మొకం పెడితే కంప్యూటరే కాలిపోతది అన్నా," అందామె ఫోన్ మీంచి తల ఎత్తకుండానే.

"నవ్వు, నవ్వు. రేపు డ్రైవర్ లేని బస్సొస్తే నీకు స్టాపు కాడ హారన్ ఎవడు కొడ్తడు?"

"అదే కొడ్తది. నీ లెక్క తిట్టుకుంట కొట్టది."

నేను కల్పించుకుని, ఇంకో పదేళ్లలో డ్రైవర్లు ఉండరనీ, అంతా యంత్రాలే నడుపుతాయనీ పేపర్లో చదివింది చెప్పాను. డ్రైవర్ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

"సార్, మీ యంత్రానికి పహాడీషరీఫ్ కాడ బర్రెలు అడ్డం వస్తే ఏం జేస్తది?"

"ఆగుతుంది."

"ఆగితే అయిపాయె. ఇగ పొద్దుమీకేదాక ఆడ్నే ఉంటది. బర్రె ఎప్పుడు జరుగుతదో దానికేం ఎర్క?"

బస్సంతా నవ్వారు. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, ఆ నవ్వుల మధ్య నేను చేసిన పని ఒకటుంది. ఆమె ఆడే ఆట మీద రోజుకో మాట విసిరేవాణ్ణి. ఆటలో లారీ మలుపు తిరిగితే ఆమె ఒళ్లు కూడా అటు వాలేది. "బస్సు తిరక్కముందే నువ్వు తిరుగుతున్నావేమ్మా," అనేవాణ్ణి. "పెట్రోలు పొయ్యనవసరం లేని లారీ, బాగుంది," అనేవాణ్ణి. ఆమె కోపం తెచ్చుకునేది కాదు. ఒకసారి మాత్రం ఫోన్ నా ముందుకు చాపింది.

"జర సూడుండ్రి సార్. ఎనక డబ్బా తగిలించిన లారీ ఇది. దీన్ని ఎన్కకు తోలి గోదాంల పెట్టాలె. స్టీరింగు కుడికి తిప్పితే డబ్బా ఎడమకు పోతది. మీరు పెట్టుండ్రి."

నేను పెట్టలేకపోయాను. గోడకు గుద్దాను.

"ట్రాక్టర్ ట్రాలీ గూడ గిట్లనే ఉంటది," అంది ఫోన్ తీసుకుంటూ. "మా బాపు ఎన్కకు తోలుతుంటే నేను దిగి సందు సూసి చెప్తుంటి. ఇంకింత, ఇంకింత, ఆగు అని. పదేండ్లు చెప్పిన. స్టీరింగు మీద మాత్రం కూసోనియ్యలె, ఆడిపిల్లవు నీకెందుకని. ఫోన్ల అయితే ఎవ్వల్ని అడగాలె?"

ఆ మాట ఆ రోజు నాకు ఎక్కలేదు. గోడకు గుద్దినందుకు బస్సులో వాళ్లు నవ్వారన్నదే ఎక్కింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా కంపెనీ వాళ్లు ఒక సిమ్యులేటర్ తెచ్చారు. మూడు పెద్ద తెరలు, కింద ఒక చెక్క వేదిక, చేతికి అసలు బ్రిడ్జిలో ఉండే లాంటి కర్ర. తెర మీద విమానం కనిపిస్తుంది. కర్ర తిప్పితే తెర మీది బ్రిడ్జి కదులుతుంది. దాంతోపాటే ఒక ప్రకటన కూడా వచ్చింది. బ్రిడ్జి పనికి నలుగురు కావాలి, ఈసారి లోపలి సిబ్బందికి అవకాశం ఇస్తున్నాం, సరైనవాళ్లు దొరక్కపోతే బయటి నుంచి తీసుకుంటాం అని. ట్రాలీలు తోసేవాళ్లకు ఇలాంటి తలుపు ఎప్పుడూ తెరుచుకోదు. ఆమె మొదటి రోజే దరఖాస్తు ఇచ్చింది.

సిమ్యులేటర్ మొదలుపెట్టిన రోజు మా మేనేజరు గారు అందరినీ పిలిచి, "ముందు పెద్దాయన చూపిస్తారు," అన్నారు. పెద్దాయన అంటే నేను.

మా సెక్షన్‌లో పాతవాళ్లకు ఒక అలవాటుంది. గదిలోకి వెళ్లాక బూట్లు విప్పేస్తాం. నిబంధన ఒప్పుకోదు, అయినా విప్పుతాం. బ్రిడ్జి చక్రాలు కదలగానే నేల సన్నగా వణుకుతుంది. ఆగే ముందు ఆ వణుకు చచ్చిపోతుంది. కళ్లకంటే ముందు ఆ సంగతి అరికాళ్లకు తెలుస్తుంది. నాకు నేర్పినవాళ్లు అలా చేసేవారు, నేనూ అలాగే చేశాను. అలవాటు చొప్పున సిమ్యులేటర్ వేదిక ముందు కూడా బూట్లు విప్పి, మేజోళ్లతో ఎక్కి నిల్చున్నాను. కొందరు భక్తిగా చూశారు కూడా.

కర్ర కదిపాను. తెర మీది బ్రిడ్జి కదిలింది. నా కాళ్ల కింద చెక్క చెక్కలాగే ఉంది. వణుకు లేదు. ఎప్పుడు ఆపాలో కాళ్లు చెప్తాయని చూస్తుండగానే తెరంతా ఎర్రబడింది. విమానాన్ని గుద్దేశాను. రెండోసారి మరీ దూరంగా ఆపాను. మూడోసారి మళ్లీ ఎరుపు.

"తెర ఆలస్యంగా కదులుతోందండీ," అన్నాను దిగుతూ. "మిషన్‌లో ఏదో లోపం ఉంది. కంపెనీ వాళ్లకు రాయండి."

మిషన్‌లో లోపం ఏమీ లేదు. పదహారేళ్లలో నేను కళ్లతో చూసి ఆపడం నేర్చుకోలేదని ఆ మూడు నిమిషాల్లో నాకు అర్థమైంది. అర్థమైన దాన్ని మింగేశాను.

దరఖాస్తు ఇచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే ఎక్కారు. ఎక్కువమంది ఒకే తప్పు చేశారు. గదిని విమానం వైపు తిప్పాక, తమ మొహం ఎటుందో బ్రిడ్జి కూడా అటే పోతుందనుకున్నారు. బ్రిడ్జి చక్రాలు ఎటుంటే అటు పోతుంది. ఆమె వంతు వచ్చింది. బూట్లతోనే ఎక్కింది. కర్ర పక్కన చక్రాలు ఎటున్నాయో చూపించే చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. ఆమె విమానాన్ని కాక ముందు దాన్ని చూసింది. తర్వాత నిదానంగా నడిపి, తలుపు దగ్గర ఆపింది. తెర పచ్చగా వెలిగింది. చప్పట్లు కొట్టినవాళ్లలో నేను లేను.

ప్రతి ఒక్కరి కాగితం మీద సీనియర్ అభిప్రాయం అని ఒక గడి ఉంటుంది. ఆమె కాగితంలో నేను ఇలా రాశాను: "ఫోన్ ఆటల అలవాటు వల్ల తెర మీద బాగా చేసింది. నిజమైన బ్రిడ్జికి ఈమె పనికిరాదు." నా అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉంటాయని అందరూ అంటారు. అంత అందంగానూ రాశాను.

ఆ కాగితం చదివి సంతకం పెట్టమని మేనేజరు గారు ఆమెను పిలిచారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె చదివింది. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఇది మీరే రాసిన్రా సార్?"

"నా అనుభవం కొద్దీ రాశానమ్మా. నిన్ను తక్కువ చేయాలని కాదు."

"ఆట అలవాటు తప్పయితే, నిజం బ్రిడ్జి మీద ఆ తప్పు కనవడాలె గద," అని మేనేజరు గారి వైపు తిరిగింది. "సార్, నాకు ఒక్కపారి ఎక్కనియ్యుండ్రి. తప్పు జేస్తే నేనే సంతకం పెట్టి ట్రాలీల కాడికి పోత. చెయ్యకపోతే నా పేరు రాయుండ్రి. గంతే."

మేనేజరు గారు నా వైపు చూశారు. మీ ఇష్టమన్నాను. మూడు రోజులు మరో సీనియర్ పక్కన నిల్చుని చూడమని, నాలుగో రోజు పరీక్ష అని చెప్పారు. పరీక్షకు బ్రిడ్జిని ఎంచే పని నాకు ఇచ్చారు.

ఇక్కడ నేను చేసింది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. మా వరుసలో చివరి బ్రిడ్జి ముసలిది. కర్ర వదిలేశాక కూడా అది జానెడు ముందుకు జారుతుంది. మాలో పాతవాళ్లందరికీ తెలుసు. రిపేరుకు రాశారు, అప్పటికింకా మనిషి రాలేదు. దాని దగ్గర విమానాలు పెట్టడం మానేసి, విమానం తలుపు కొలతతో ఒక ఇనుప చట్రం నిలబెట్టి శిక్షణకు వాడుతున్నాం. ఆ బ్రిడ్జిని ఎంచాను. జారుతుందని ఆమెకు చెప్పలేదు. చట్రాన్ని గుద్దుతుంది, నేను రాసిందే నిజమవుతుంది, అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున ఆమె గదిలోకి వచ్చింది. నేను వెనక, ప్రమాదమొస్తే నొక్కే ఎర్ర మీట దగ్గర నిల్చున్నాను. కింద చట్రం పక్కన మేనేజరు గారు, వాకీటాకీతో.

"కానివ్వమ్మా," అన్నాను.

చట్రానికి ఇంకా చాలా దూరం ఉంది. ఆమె బ్రిడ్జిని కొంచెం కదిపి, కర్ర వదిలేసి, అద్దంలోంచి కిందికి వంగి చక్రాలను చూసింది. మళ్లీ కొంచెం కదిపింది. మళ్లీ వదిలేసింది. మళ్లీ వంగింది.

వాకీటాకీలో మేనేజరు గారి గొంతు వినిపించింది. "ఏమైందక్కడ? ఎందుకు ఆగారు?"

"ఏం కాలే సార్. బ్రేకు సూస్తున్న."

తర్వాత నా వైపు తిరిగింది.

"సార్, ఇది ఆపినంక గూడ ముందుకు పోతున్నది. మీకు ఎర్కనా?"

"కొంచెం ఉంటుందమ్మా."

"కొంచెం కాదు సార్. జానెడు." తన చెయ్యి చాపి చూపించింది, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా. "ఆటల గూడ కొత్త లారీ ఎక్కితే ఫస్టు సరుకు ఎత్తం. ఖాళీ జాగల బ్రేకు కొట్టి ఎంత దూరం పోయి ఆగుతదో సూస్తం. మా బాపు గూడ కిరాయి ట్రాలీ తెస్తే గట్లనే సూసేటోడు."

చక్రాల గుర్తు చూసుకుంది, గదిని తిప్పింది, నిదానంగా ముందుకు నడిపింది. చట్రం దగ్గర పడుతోంది. మూరెడు. ఇంకా తక్కువ. జానెడు కన్నా కాస్త ఎక్కువ మిగిలిందనగా కర్ర వదిలేసి రెండు చేతులూ వెనక్కి తీసుకుంది. ముసలి బ్రిడ్జి తన అలవాటు ప్రకారం జారింది. జారి జారి ఆగింది. దానికీ చట్రానికీ మధ్య నా చూపుడు వేలు పట్టేంత సందు ఉంది. పదహారేళ్లలో ఆ బ్రిడ్జిని నేనెన్నడూ అంత నీటుగా ఆపలేదు.

కింద నుంచి మేనేజరు గారు పరుగెత్తినట్టే మెట్లెక్కి వచ్చారు. "ఇది జారే బ్రిడ్జి కదా! అద్భుతం. ముందే వదలాలని మీరు చెప్పి ఉంటారు, అవునా?" అని నన్ను అడిగారు.

నేను తల ఊపాను. నోటితో అబద్ధమాడలేదు, తలతో ఆడాను. ఆమె నా వైపు ఒక్కసారి చూసి, బ్రిడ్జిని వెనక్కి తీసే పనిలో పడింది.

ఆ తల ఊపు నుంచే కథంతా పుట్టింది. మొదట వ్యతిరేకంగా రాసినా, తర్వాత పెద్ద మనసుతో రహస్యమంతా నేర్పాడని చెప్పుకున్నారు. పరీక్ష కోసమే కావాలని అలా రాశాడని కూడా అన్నారు. నలుగురిలో మొదటి పేరు ఆమెది. ఆమె శిక్షణ అంతా ఇంకో సీనియర్ దగ్గర జరిగింది. అయినా ఆమెను సన్మానించిన రోజున గురువుగా నాకూ శాలువా కప్పారు.

ఆమె మొదటిసారి ఒంటరిగా విమానానికి బ్రిడ్జి ఆనించిన రోజున నేను గదిలో ఆమె పక్కనే ఉన్నానని కూడా ఒక మాట ప్రచారంలో ఉంది. లేను. కింద, పసుపు గీత అవతల నిల్చుని చూస్తున్నాను. సన్నగా వాన పడుతోంది. విమానం వచ్చి ఆగింది. బ్రిడ్జి కదిలింది, ఎక్కడా తడబడలేదు. దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం నెమ్మదించి, మళ్లీ కదిలి, తలుపుకు ఆనింది. పైన గొడుగు లాంటి తెర విమానం ఒంటి మీదికి దిగింది. తలుపు తెరుచుకుంది. అద్దాల వెనక జనం వరుసగా నడిచిపోతున్నారు, చంకల్లో పిల్లలు, చేతుల్లో సంచులు, చెవుల దగ్గర ఫోన్లు. ఒక్కరు కూడా కాళ్ల కింద చూసుకోలేదు. చూసుకోవాల్సిన అవసరం లేకుండా ఆపింది. ట్రాలీలు తోసే ఆడవాళ్లు నలుగురైదుగురు అద్దం దగ్గర గుమిగూడి చేతులు ఊపుతున్నారు. నా చేతులు నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాయి. విమానం ఇంజన్ హోరులో ఎవరికీ వినిపించలేదు.

అయినా ఎనిమిది నెలలు నోరు మెదపలేదు. ఒక సాయంత్రం తిరుగు ప్రయాణంలో, బస్సు ఇంకా ఎయిర్‌పోర్టు గేటు దాటకముందే, డ్రైవర్ కొత్తగా చేరిన వాళ్లకు ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు.

"గురువంటే మా సార్ లెక్క ఉండాలె. అక్క చెయ్యి పట్టుకొని నేర్పిండు. ఎప్పుడు ఇడవాలె, ఎప్పుడు ఆపాలె, అన్నీ..."

"నేర్పలేదు," అన్నాను.

"ఏంది సార్?"

"నేనేం నేర్పలేదు. బ్రిడ్జి జారుతుందని తెలిసి కూడా చెప్పకుండా ఎక్కించాను. గుద్దాలనే ఎక్కించాను. ఆమే కనిపెట్టింది. మేనేజరు గారు అడిగితే నేనే చెప్పానన్నట్టు తల ఊపాను. ఆ సిమ్యులేటర్ మిషన్ మీద రెండుసార్లు గుద్దింది నేను. మిషన్ బాగానే ఉంది."

డ్రైవర్ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. నేను వెనక్కి తిరిగాను. ఆమె చేతిలో ఆట ఆగి ఉంది.

"తప్పు చేశానమ్మా," అన్నాను.

"చేసిన్రు," అంది. సర్దిచెప్పలేదు, పర్లేదు అనలేదు. "ఆ దినం నేనెందుకు అనలేదో ఎర్కనా సార్? నౌకరి చేతికి రాకముందు సీనియర్‌తోని లొల్లి ఎందుకని. వచ్చినంక మీరే చెప్తరని సూసిన. శాలువ కప్పిన నాడు చెప్తరనుకున్న. మస్తు రోజులు సూసిన."

"రేపు మేనేజరు గారికి చెప్తాను. రాసి ఇస్తాను."

"ఇయ్యుండ్రి. మంచిగ రాయుండ్రి, మీ అక్షరాలు బాగుంటయి గద."

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు కానీ గుండె కొంచెం తేలికపడింది.

"అట్లయితే అక్కా," అన్నాడు డ్రైవర్, "మరి నీకెట్ల ఎర్కైంది అది జారుతదని? నిజం ముచ్చట నువ్వు జెప్పు."

ఆమె ఫోన్ సంచిలో పెట్టి, సీటు అంచుకు జరిగి కూర్చుంది. మొదలుపెట్టింది. లారీ ఆట నుంచి మొదలుపెట్టింది. బాపు కిరాయి ట్రాలీ సంగతి చెప్పింది, సంతకం పెట్టకుండా పెన్ను కింద పెట్టిన సంగతి చెప్పింది. "ఎదురుంగ ఇనుప చట్రం. ఎనక సార్, ఎర్ర మీట మీద చెయ్యేసుకొని. నేను గుద్దుతనని సూస్తున్నడు," అంటూ నన్ను అనుకరించింది, మెడ ముందుకు చాపి. సరిగ్గా అలాగే ఉండి ఉంటాను. వెనక సీట్లవాళ్లు లేచి వచ్చి నిల్చున్నారు. ఆమె ఒక చేత్తో కర్ర పట్టుకున్నట్టు పట్టుకుని, రెండో చేత్తో గాలిలో జానెడు కొలిచి చూపిస్తోంది. మూరెడుంది, ఇంకా తగ్గింది అంటుంటే బస్సు మొత్తం ఊపిరి బిగబట్టింది.

"ఓ అన్నా!" అని ఉన్నట్టుండి కేక వేసింది. "నా స్టాపు దాటిపాయె! తుక్కుగూడ ఎన్కకు పాయె!"

"పోనియ్యక్కా," అన్నాడు డ్రైవర్, బస్సును రోడ్డు పక్కకు తీస్తూ. "మల్ల తిప్పుకొని ఇంటికాడనే దించుత. ముందుగాల కర్ర ఇడిసినవా లేదా, అది జెప్పు."